చెప్పులు తొడుక్కుని తిన్న పస్కా

మొన్న శనివారం కొత్తగా ఉపదేశకురాళ్లుగా చేరిన ముగ్గురు అమ్మాయిలు నిజామాబాద్‌లోని నా గదికి వచ్చారు. నిర్గమకాండంలో పస్కా గొర్రెపిల్ల అధ్యాయాన్ని ఊళ్లలో ఎలా చెప్పాలో తెలియడం లేదన్నారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడే రాత్రి, గొర్రెపిల్లను కోసి ద్వారబంధాలకు దాని రక్తం పూసుకోమని, ఆ గుర్తున్న ఇళ్లను మరణం దాటిపోతుందని దేవుడు చెప్పిన కథ అది. కథ అందరికీ తెలుసు. చిక్కంతా నియమాల దగ్గరే. ఏడాది వయసున్న మగ గొర్రెపిల్ల కావాలి, ఒంటిమీద వంక ఉండకూడదు, పదో రోజున తెచ్చి పద్నాలుగో రోజున కోయాలి, కాల్చుకునే తినాలి, ఎముక విరవకూడదు, తెల్లారేసరికి ముక్క మిగలకూడదు. ఇవన్నీ చదివేసరికి వినేవాళ్లు నిద్రపోతున్నారట. పోనివ్వండి, ఆదివారం గుడిలో పట్టే నిద్రంత మంచి నిద్ర ఇంట్లో పట్టదు అన్నాను. వాళ్లు నవ్వలేదు. ఈ కాలపు పిల్లలు రాసుకోవడానికి వస్తారు గాని నవ్వడానికి రారు.

పాఠం ఎలా చెప్పాలో నాకూ తెలియదు పిల్లలూ. ఆ నియమాలను అక్షరాలా పాటించబోయి ఒక ఊళ్లో మేమేమయ్యామో మాత్రం చెప్పగలను.

కోటగిరి దిక్కున కాలువ పక్క ఊరది. మా సంఘం వాళ్ల ఇళ్లు ఓ పదిహేను, వాటి మధ్య రేకుల గుడి. ఒకప్పుడు చుట్టూ చెరుకే ఉండేది. నేను ఉపదేశకురాలిగా వెళ్లేనాటికి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చెరుకు తగ్గి వరి వచ్చేసింది. మిగిలిన నాలుగు తోటల వాళ్లు బెల్లం వండుకునేవాళ్లు. సాయంత్రం ఆ పొగ కాలువ మీదుగా మెల్లగా వచ్చి ఊళ్లో పరుచుకునేది. ఆ ఊరు తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఆ తియ్యటి వాసన వస్తుంది, మనుషులు ఆ వెనకాల ఒక్కరొక్కరే వస్తారు.

అందరికంటే ముందు వచ్చేది సంఘపెద్ద. ఫ్యాక్టరీలో చక్కెర ఉడికించే పని చేసిన మనిషి. పాకం ఒక్క క్షణం ముందు దింపినా వెనక దింపినా పాడవుతుందని, ఆ లెక్కనే లోకమంతా నడవాలని ఆయన నమ్మకం. ఫ్యాక్టరీ ఆగి ఏళ్లయినా, సైరన్ కూసే వేళకు ఆయన తల దానంతటదే పైకి లేచేది. ఏ విషయంలోనైనా ఆయన మాట ఒకటే: "రాసుంటె రాసున్నట్టే."

ఆయన ఇంటి పక్క గదిలో వాళ్లక్క ఉండేది. అందరికీ అవ్వ. చిన్నతనంలోనే పెద్దరోగం, అంటే కుష్టు, వస్తే డిచ్‌పల్లి దగ్గరి పాత మిషన్ ఆస్పత్రిలో చేర్చారు. మందులతో పూర్తిగా నయమైంది. ఆ తరువాత అక్కడే ఏదో పని చేసుకుంటూ సగం జీవితం గడిపి, ముసలితనంలో తమ్ముడి దగ్గరికి వచ్చింది. వేళ్లు వంకర తిరిగే ఉండిపోయాయి. పాదాలకు స్పర్శ లేదు. ఆస్పత్రి వాళ్లిచ్చిన మెత్తటి నల్ల రబ్బరు చెప్పులు వేసుకుని, కర్ర పట్టుకుని నడిచేది. ప్రతి ఆదివారం వచ్చి గుడి గడప అవతల కూర్చునేది. లోపలికి రమ్మంటే, "ఈడ గాలొస్తది బిడ్డా" అనేది. నా పాఠాలకు కునుకు తీయని మనిషి ఆ సంఘంలో ఆమె ఒక్కతే కాబట్టి నాకు ఆమె మీద కొంచెం పక్షపాతం.

మా దిక్కు పండగకు నలుగురూ కలిసి యాటను, అంటే గొర్రెనో మేకనో, కొంటారు. కోసినాక మోదుగాకులు పరిచి మాంసాన్ని పోగులు పెడతారు. ప్రతి పోగులో ఇంత కండ, ఇంత కార్జం, మూలుగున్న ఒక నల్లి బొక్క. ఎవరి పోగు వాళ్లు ఇంటికి తీసుకుపోయి వండుకుంటారు. సంఘపెద్ద పెట్టే పోగుల్లో తక్కెడ వేసినా తేడా దొరకదు. అక్క పోగు అందరికంటే ముందు ఆమె గది ముందుకు వెళ్లేది. ఆయన అన్యాయం చేసే మనిషి కాదు.

ఆ ఏడు ఈస్టర్‌కు ముందు ఒకనాడు అవ్వ నన్ను పిలిచింది. "పండుగ దాటినంక సోమారం పొద్దుగాల నన్ను బస్సెక్కియ్యి బిడ్డా. డిచ్‌పల్లి కాడ ఆశ్రమంల జాగ ఉన్నదట."

"ఇక్కడేం తక్కువైంది అవ్వా? తమ్ముడు అన్నీ పంపుతుండు గదా."

"పంపుతుండు. నేను గాదన్ననా? పంపుడే అయితాంది." ఆమె కాలువ వైపు చూసింది. "ఆడ నలుగురితోటి కూసోని తింట. చచ్చేలోపట గదొక్కటి గావాలె."

నాకు చాలా బాధేసింది. ఎలా ఆపాలో తెలియలేదు. తమ్ముడితో చెప్పాలనుకుని, అక్కతో కలిసి కూర్చుని తినకూడదా అని ఒకసారి కదిపితే, "అక్కనే రాదు టీచరమ్మా. రమ్మంటె గాలి గావాలంటది" అని ఆయన ముఖం తిప్పుకున్నాడు. కొంచెం ఆగి, "చిన్నప్పుడు మా అమ్మ చెప్పింది, అక్క గిన్నె ఏరే అని. గట్లనే నడుస్తాంది" అన్నాడు.

అలా ఉండగా మా పాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. మోర్తాడ్ దిక్కు పసుపు పండించే ఇంటి పిల్లవాడు, వేదాంత కళాశాల నుంచి అప్పుడే వచ్చాడు. బోధన్‌లో ఉంటూ పదిహేను రోజులకోసారి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు. చదివి వినిపిస్తే నిద్రపోతున్నారు కదా, ఈసారి చేసి చూపిద్దాం అన్నాడు. ఈస్టర్‌కు ముందటి మట్టలాదివారాన్ని పదో రోజు అనుకుని గొర్రెపిల్లను తెస్తే గురువారానికి సరిగ్గా పద్నాలుగో రోజు లెక్క వస్తుంది. నాకు అది పిల్లకాయల నాటకంలా అనిపించింది. సంఘపెద్దకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఇన్ని నియమాలున్న పని ఆయనకు ఫ్యాక్టరీ మూతపడ్డాక మళ్లీ దొరకలేదు.

గొర్రెపిల్లతో పాటు తినమన్న చేదు కూర ఏది అన్నదాని మీద ఒక సాయంత్రమంతా వాదన నడిచింది. కొందరు వేపాకు అన్నారు, ఆడవాళ్లు కాకరకాయ అన్నారు, కాకర గెలిచింది. పొంగని రొట్టెల దగ్గర ఇబ్బందే లేదు, మా జొన్నరొట్టె ఏనాడు పొంగింది గనక. గుమ్మానికి రక్తం వద్దు, ఎర్రమట్టి జాజు పూస్తే చాలని పాస్టరుగారు అన్నాడు. కాల్చడానికి ఊరి బయట వాడకుండా పడి ఉన్న బెల్లం పొయ్యి, మంటకు చెరుకు పిప్పి సిద్ధమయ్యాయి.

గొర్రెపిల్లను ఎంచడానికి సంఘపెద్దతో నేనూ మంద దగ్గరికి వెళ్లాను. ఆయన పళ్లు చూశాడు, డెక్కలు చూశాడు, చెవులు ఎత్తి చూశాడు. మందాయనకు విసుగొచ్చింది. "పిల్లను సూస్తున్నవా, పిల్లనిచ్చే సంబంధం సూస్తున్నవా అన్నా?"

"వంక లేనిది గావాలె."

"వంక లేనిదాన్ని అమ్ముతనా? మందల ఉంచుకుంట."

నిజమే కదా అనిపించింది నాకు. వంక లేనిది ఇవ్వమంటే, ఎవరూ అమ్మదలచుకోనిది ఇవ్వమని అర్థం. దానం చేసేటప్పుడు మన చెయ్యి కుంటిదాని వైపే పోతుందని రాసినవాడికి తెలుసు. చాలా బతిమాలితే గాని ఆ మనిషి ఒక తెల్లటి పిల్లను వదల్లేదు.

దాన్ని తోబుట్టువుల్లా కాకుండా ఇరుగుపొరుగులా బతుకుతున్న ఆ అక్కాతమ్ముళ్ల వాకిట్లో, రెండు గడపలకూ మధ్య కట్టేశారు. నాలుగు రోజులు ఇంటి దగ్గర ఎందుకు ఉంచుకోవాలో మాకు శిక్షణలో రెండు కారణాలు చెప్పారు. ఒకటి, వంక ఏమైనా ఉంటే బయటపడుతుంది. రెండు, ఐగుప్తువాళ్ల కళ్లముందు, భయపడకుండా దాన్ని కట్టేసుకుని ఉండాలి. మూడో కారణం నేను ఆ వాకిట్లోనే తెలుసుకున్నాను. నాలుగు రోజులు మేపిన జీవం పేరు లేకపోయినా మన ఇంటిది అవుతుంది. మన విడుదలకు ఎవరు వెల కట్టారో వాళ్ల ముఖం మనకు తెలిసి ఉండాలి.

అది అవ్వను మరిగింది. ఆమె వంకర వేళ్ల మధ్య చెరుకాకు పెట్టుకుని కూర్చుంటే, పక్కన నిలబడి నింపాదిగా నమిలేది. ఎండ ఎక్కేకొద్దీ ఇద్దరూ గోడ నీడతో పాటు జరుగుతూ పోయేవాళ్లు. సంఘపెద్ద పొద్దునా సాయంత్రం వచ్చి దాన్ని తడిమి చూసేవాడు. మొదటిరోజు, "మేస్తాందా అక్కా?" అన్నాడు. "మేస్తాంది" అంది. మరునాడు అడగడానికి వచ్చి కాసేపు నిలబడ్డాడు. ఆ తరువాత మెట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ల బాపు దగ్గరున్న ఎడ్ల గురించి మాట్లాడుకున్నారు. నేను కాలువ గట్టున నడుస్తుంటే ఆ మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించేవి. గాలి ఆగిపోయి, నీళ్లు కదులుతున్నాయో లేదో తెలియని ఆ సాయంత్రాలు నిజంగా జరిగాయా, నేను కలగన్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి సందేహం వస్తుంది.

గురువారం వచ్చింది. గొర్రెపిల్లను రెండు సాయంత్రాల మధ్య కోయాలని హెబ్రీలో ఉంటుందట. పొద్దు వాలింది మొదలు మునిగేదాకా అని పెద్దలు దానికి అర్థం చెప్పారు. కాబట్టి పొద్దు వాలగానే కటికాయన కత్తులతో వచ్చాడు. పాస్టరుగారు కాలువలో ఏదో చూడవలసింది ఉన్నట్టు అటు తిరిగాడు. అవ్వ మాత్రం లేచి వచ్చి దాని వీపు మీద చెయ్యి పెట్టింది. "మేపిన చెయ్యి ఉంటె బెదరదు" అంది. అది బెదరలేదు.

తోలు తీశాక కటికాయన గొడ్డలి అందుకున్నాడు. అప్పటికే సంఘపెద్ద మోదుగాకులు వరసగా పరిచి ఉంచాడు. పాస్టరుగారు పరుగెత్తుకొచ్చాడు.

"ఆగు ఆగు. బొక్క ఇరగొద్దు."

"బొక్క కొట్టకుంట పోగులెట్ల పెడుత అయ్యగారు? నల్లి రాకపోతె జనం నన్ను కొడుతరు."

పాస్టరుగారు బైబిలు తీసి ఆ వచనం చదివాడు. గొర్రెపిల్లను ఒక్క ఇంట్లోనే తినాలి, మాంసం ఇంటి బయటికి తీసుకుపోకూడదు, ఎముక విరవకూడదు. మూడూ ఒక్క వచనంలోనే ఉన్నాయి. అన్నేళ్లుగా చదువుతున్న నాకు, ఆకుల ముందు నిలబడినప్పుడు గాని అవి ఒక్క మాటే అని తట్టలేదు. పంచితే కదా విరవవలసి వచ్చేది. ఆ రాత్రి పోగులు లేవు. ఇల్లు చిన్నదైతే పక్కింటివాళ్లను కలుపుకోమని అదే అధ్యాయంలో ఉంది గాని, పక్కింటికి పంపించమని ఎక్కడా లేదు.

సంఘపెద్ద ఆకులను ఒక్కొక్కటే ఎత్తి దొంతర పెట్టాడు. "ఒక్క ఇల్లంటె, అందరు పట్టేది గుడే" అన్నాడు.

అసలు తగువు ఆ తరువాత వచ్చింది. నడుము బిగించుకుని, చెప్పులు తొడుక్కుని, చేత కర్ర పట్టుకుని తినాలని ఉంది. బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల భోజనం అది. పాస్టరుగారు అందరినీ చెప్పులతో గుడిలోకి రమ్మనగానే సంఘపెద్ద గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"పొద మండుతున్నప్పుడు మోషేను ఏమన్నడు దేవుడు? చెప్పులు ఇడువుమన్నడా లేదా?"

"అన్నడు అన్నా."

"గదే పుస్తకం గదా ఇది?"

"గదే పుస్తకం."

"మరి గిదేంది?"

పాస్టరుగారు నా వైపు చూశాడు. కళాశాలలో ఆ ప్రశ్న రానట్టుంది. నా నోరు ఊరుకోదు కదా. "అన్నా, ఆడ మోషే దేవుని తానికి పోయిండు. ఈడ దేవుడే జనాన్ని తోలుకపోవుటానికి వచ్చిండు. బయలెల్లేటోళ్లు చెప్పులిడుస్తరా?" అన్నాను. అది సరైన వ్యాఖ్యానమో కాదో ఇప్పటికీ తెలియదు. మీలో ఎవరికైనా ఇంతకంటే మంచిది దొరికితే నాకు చెప్పండి.

ఆయన "రాసుంటె రాసున్నట్టే" అని పక్కకు తప్పుకున్నాడు. మనసొప్పి కాదు.

పొద్దు గుంకే వేళకు కాల్చిన గొర్రెపిల్లను పలక మీద మోసుకొచ్చారు. పిప్పి పొగ పట్టి మాంసానికి కూడా బెల్లం వాసన వచ్చింది. గుమ్మానికి ఎర్రటి జాజు ఇంకా ఆరలేదు. జనం చెప్పులతో లోపలికి అడుగు పెడుతుంటే, నీళ్లు ఎంత లోతో తెలియనివాళ్లలా ఉన్నారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. చేతికర్రలు లేని మగవాళ్లు చెరుకు గడలు పట్టుకొచ్చారు. ఒకాయన ప్రార్థన మొదలుకాకముందే తన కర్రను సగం తినేశాడు.

అవ్వ వచ్చింది. కొంగు నడుముకు చుట్టి ఉంది, కాళ్లకు చెప్పులున్నాయి, చేతిలో కర్ర ఉంది. రోజూ అలాగే ఉండేది. ఆ సాయంత్రం నియమం ప్రకారం తయారై వచ్చింది ఆమె ఒక్కతే, అదీ తనకు తెలియకుండానే. వచ్చి ఎప్పటిలాగే గడప అవతల కూర్చుంది.

సంఘపెద్దకు అక్కడొక సందేహం వచ్చింది. "అయ్యగారు, గడప లోపటికిందికి వస్తదా, బయటికిందికి వస్తదా?"

"ఎందుకన్నా?"

"తెల్లారేదాంక ఎవ్వరు తలుపు దాటొద్దని ఉన్నది గదా. లోపటున్నోళ్లే బతికిండ్రు. గడప కాడున్నోళ్ల సంగతేంది?"

అడిగేదాకా అది నియమం గురించిన ప్రశ్నే. అడిగాక కాదు. ఆ మనిషి ముఖంలో అది మారడం నేను చూశాను. ఆయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, లోపటికి రా."

"ఈడ గాలొస్తది తమ్మీ."

"ఈయాల గాలి లేదు. రా."

ఆమె తల ఎత్తలేదు. ఆయన పాదాల వైపు చూస్తూ, "చెప్పులేసుకున్నవ్" అంది.

"అందరం ఏసుకున్నం."

"ఇడువకుంట రావచ్చునా?"

"రావచ్చు. రాసున్నది."

"గట్లయితె వస్త" అంది అవ్వ. కర్ర మీద బరువు వేసి లేస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు చెప్పింది. "ఈ చెప్పుల పట్టీ నా వేళ్లకు ఊడదు. పొద్దుగాల పళ్లతోటి గుంజి పెట్టుకుంట, మల్ల పండేటప్పుడు ఊడగుంజుకుంట. ఉత్తకాళ్లతోటి ఒక్కడుగెయ్యొద్దని డాక్టరు చెప్పిండు. నా కాళ్లు ముట్టుమని ఎవర్నడుగుదు?"

గాలి అని ఆమె అన్నేళ్లు చెప్పింది, మేమంతా ఆ గాలినే నమ్మాం. ఆమె రబ్బరు చెప్పులు బండల మీద చప్పుడు చేయకుండా లోపలికి వచ్చాయి.

తమ్ముడి పక్కనే కూర్చుంది. సంఘపెద్ద భార్య అలవాటుగా ఆమె గిన్నె వేరే తెచ్చిపెట్టింది. సంఘపెద్ద దాన్ని చూసి, "ఒద్దు. ఆకుల తింటం" అన్నాడు. మాంసం చేత్తోనే ఊడదీసి, ఇద్దరి మధ్య ఒకటే మోదుగాకు మీద పెట్టాడు. అవ్వ ఒక ముక్క తీసుకుంది. ఆయన చెయ్యి ఆకు దాకా పోయి ఆగింది. నేను రొట్టె తుంచుకుంటున్నట్టు తల వంచుకున్నాను గాని చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంది. తరువాత తీసుకుని తిన్నాడు. నాకు కళ్లు మండాయి, కాకరకాయ చేదు అని చెప్పుకున్నాను.

చివరికి పలక మీద కొంచెం మిగిలింది. "మిగిలింది మూట కట్టియ్యిండ్రి, నాకు రేపటికైతది" అంది అవ్వ. ఏ ఇంట్లోనైనా మిగిలింది తన దగ్గరికి రావడం ఆమెకు అలవాటు.

"మిగలొద్దక్కా. ఇప్పుడే తినాలె" అన్నాడు తమ్ముడు, ఆకు మీద వేస్తూ. ఆ నియమాన్ని నేను ఎప్పుడూ శుభ్రత కోసమే అనుకునేదాన్ని. మిగలనప్పుడు మిగిలినదాన్ని తినే మనిషి కూడా ఉండదు కదా. అందరితో పాటే తింటుంది.

ఇక్కడితో ఆపితే మీకు పాఠం చక్కగా కుదురుతుంది. కానీ పస్కా ఏడాదికి ఒక్కసారే. మరునాడు నేను అవ్వ గదికి వెళ్తే పెట్టె సర్ది ఉంది. "మంచిగ తిన్న బిడ్డా. కడుపు నిండింది. గదే సాలు" అంది. సోమవారం మాట మార్చలేదు. నేను అడగలేకపోయాను.

ఈస్టర్ ఆదివారం గుడి బయట కొత్త చెప్పులు కుప్ప పోసినట్టున్నాయి. లోపల చాపల మీద అందరూ ఉత్తకాళ్లతో, కొత్త బట్టలతో కూర్చున్నారు. అవ్వ గడప అవతల కూర్చుంది. పాట మొదలైంది. సంఘపెద్ద ఆలస్యంగా వచ్చాడు, ఎన్నడూ లేనిది. వచ్చి గుమ్మం దగ్గర ఆగకుండా, చెప్పులతోనే లోపలికి నడిచి, ముందు వరసలో తన జాగాలో కూర్చున్నాడు. పాట ఒక్కొక్క గొంతూ తగ్గుతూ ఆగిపోయింది.

పాస్టరుగారు మెల్లగా వంగి, "అన్నా, పస్కా అయిపోయింది" అన్నాడు.

"నాకింక అయిపోలే" అన్నాడాయన.

బయట అవ్వ నన్ను సైగ చేసి పిలిచింది. "తమ్ముడు మరిచిపోయిండు బిడ్డా. చెప్పులిడుమని చెప్పు. అందరు సూస్తున్నరు."

"మరువలే అవ్వా" అన్నాను.

ఆమె ఆయన వీపు వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. పాస్టరుగారు పాటను మళ్లీ ఎత్తుకున్నాడు. అందరూ నిలబడి పాడుతున్నప్పుడు ఆమె లేచి గడప దాటింది. ఆడవాళ్ల చాప మీద నా పక్కన ఇద్దరు జరిగి చోటిచ్చారు. తరువాత ప్రార్థన. కొత్త పాస్టర్ల ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయి. అందరూ కళ్లు మూసుకుని ఉన్నప్పుడు, అవ్వ నా చెవి దగ్గరికి వంగింది.

"రేప్పొద్దుగాల బస్సుకని రాకు బిడ్డా. నేను యాడికి పోను."